చల్లటి పూట కొలిచిన వేగం

పెద్ద రాతలో ఒక మాట ఎక్కడుందో వెతికిపెట్టే కోడ్ నేను వాడే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వస్తుంది. అందరూ దాన్నే వాడుకుంటారు. దాన్ని ఇంకా వేగంగా పరిగెత్తించొచ్చని నరసరావుపేటలో మా డాబా మీది రేకుల గదిలో కూర్చుని ఉండగా నాకు తోచింది. నేను రాసింది పాతదానికి రెండింతల పొడుగు, చదవడం కూడా కష్టమే. అయినా పావు వంతు సమయం మిగులుతోందని లెక్కలు చూపించి, చేర్చుకోమని ప్రతిపాదన పెట్టాను.

ఆ భాష బాగోగులు చూసేవాళ్లలో ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆవిడ ఏదో చలిదేశంలో ఉంటుంది. తన కంప్యూటర్ మీద తేడా ఏమీ కనబడలేదనీ, ఇంత చిక్కు కోడ్‌ని ఏళ్ల తరబడి మోయాలంటే గట్టి లాభమే ఉండాలనీ రాసింది. నాకు ఒళ్లు మండింది. ముందు కొలవడం నేర్చుకోమన్నట్టు జవాబిచ్చాను. అన్నట్టేమిటి, ఆ మాటే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. రెండింటినీ ఒకే పరిస్థితిలో కొలిచారా అని మాత్రం అడిగింది.

అదే ల్యాప్‌టాప్ కదా, వేరే పరిస్థితేముంది అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పాతదాన్ని కొలిచింది మే నెల మిట్టమధ్యాహ్నం, ఆ రేకుల కింద. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంది. వేడెక్కితే మిషన్ తనంతట తనే నెమ్మదిస్తుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. కొత్తదాన్ని కొలిచింది మర్నాడు తెల్లవారుజామున, ఆరుబయట మంచం మీద, చల్లగాలిలో. ఎండాకాలం మా వైపు ఏ పనైనా ఆ పూటే కానిచ్చుకుంటాం. అలవాటు కొద్దీ నేనూ అదే చేశాను.

మళ్లీ తెల్లవారుజామునే లేచి, ఈసారి పాతదాన్ని కూడా ఆ మంచం మీదే కొలిచాను. రెండూ సమానం. ఇద్దరు సరేనన్నారు కదా, నోరు మూసుకుంటే చేరిపోతుందేమో అని కాసేపు ఆశ కూడా పడ్డాను. చివరికి తప్పు నాదేనని రాసి, ఆవిడకు క్షమాపణ చెప్పి, ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు కాబట్టి రాయగలిగాను.

కిందికి దిగేసరికి వాకిట్లో మా ఆవిడ పక్కింటి పిన్నితో చెబుతోంది. "మా ఆయన రాసింది లోకమంతా వాడతారంట పిన్నీ. ఒప్పేసుకున్నారంట."

ఇద్దరు బాగుందన్న రోజే ఆమెకు అలా చెప్పింది నేను.

పిన్ని నా వైపు తిరిగింది. "అవునా అబ్బాయ్! ఏందది, ఏం చేసిద్ది?"

"ఎవరూ వాడరు పిన్నీ. నేనే తప్పు లెక్క చూపించాను. వెనక్కి తీసుకున్నా."

"పోన్లే అయ్యా," అని పిన్ని ఇంట్లోకి వెళ్లింది. మా ఆవిడ కదల్లేదు.

"మాచర్లలో మా వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పానండీ," అంది మెల్లగా.

ఫోన్ ఇటివ్వు, నేనే చెబుతాను అనాల్సింది. అనలేకపోయాను.