చెల్లెలి ఎడమ చెయ్యి

యానాం ఫరంపేటలో జోసెఫిన్ కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడవాళ్లు తక్కువ. ఊళ్లో ఇన్ని రెడీమేడ్ షాపులు వచ్చాక కూడా ఆమె అరుగు మీద ఎవరో ఒకరు ఆది జాకెట్టు పట్టుకుని కూర్చునే ఉంటారు. ఆమెకు అరవై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అని నవ్వేస్తుంది. అది అబద్ధం కాదు. తల్లి పోయేనాటికి చెల్లెలు తెరేసా ఇంకా పలక పట్టలేదు. తండ్రి వలలు బాగుచేస్తూ రేవుల వెంట తిరిగేవాడు. జోసెఫిన్ పొద్దున్నే చెల్లెలికి రెండు జడలు వేసి, చెయ్యి పట్టుకుని, చర్చి సిస్టర్ల దగ్గరికి కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్లేది.

అక్కడ మిషను కింద కూర్చుని రంగు గుడ్డముక్కలు ఏరుకోవడం తెరేసా పని. ఏరినవన్నీ ఎడం చేతి గుప్పిట్లోనే ఉండేవి. ఆ పిల్లది ఎడమచేతి వాటం. ముద్ద ఎడం చేత్తో ఎత్తిందని తండ్రి ఒకసారి చెయ్యి మీద కొట్టాడు. జోసెఫిన్ ఆయనకు అడ్డం వచ్చి, "అన్నం కుడిచేత్తో తినడం నేను నేర్పుతాను నాన్నా. మిగతావి దాని ఇష్టం" అంది. అలాగే నేర్పింది. మిగతావన్నీ తెరేసా ఎడం చేత్తోనే చేసింది. ముగ్గులు పెట్టింది, చేపలు కోసింది, పరీక్షలు రాసింది. పెళ్లయ్యాక కూడా అక్క ఇంటి పక్క వాటాలోనే కాపురం పెట్టింది.

తొంభై ఆరు తుఫానులో ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు. తెరేసా భర్త జోయల్ ఆ రోజు ఆటోతో కాకినాడలో చిక్కుకుపోయాడు. గాలికి తలుపు ఊడొస్తుంటే జోసెఫిన్ వీపు ఆనించి నిలబడింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయి. చంటి కొడుకుని కుడి భుజానికి వేసుకుని, తెరేసా ఒంటిచేత్తో మిషను తలకాయ ఊడదీసి మంచం మీదికి ఎత్తింది. ఇనప ముద్ద అది. "ఎలా ఎత్తేవే!" అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా తెరేసాకే తెలిసేది కాదు. "ఏమో అక్కా. అది పోతే మనం ఏం తింటాం అనుకున్నాను, అంతే" అనేది.

ఆ ఎడమవైపే రెండేళ్ల కిందట రొమ్ములో గడ్డ తేలింది. కాకినాడలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు కూడా తీశారు. తర్వాత కీమో, రేడియేషన్. జుట్టు రాలినప్పుడు జోసెఫిన్ మెత్తటి నూలుగుడ్డతో టోపీలు కుట్టింది. చికిత్స అయ్యాక చెల్లెలి జాకెట్లన్నీ విప్పి, లోపల ఎడమవైపు చిన్న సంచీలా కుట్టి, అందులో దూది మెత్త అమర్చింది. తెరేసా అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి చూసుకుంది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వింది ఆ రోజే.

ఇక ఆ రోజులు అయిపోయాయనుకున్నారు. ఈ ఏడు చర్చి పండగకు జోసెఫిన్ చెల్లెలికి గోధుమరంగు పట్టు జాకెట్టు కుట్టింది. తొడిగి చూస్తే ఎడమ చెయ్యి మోచేతి పైన పట్టేసింది.

"ఏంటక్కా, ఇంత బిగించేసేవు?"

"కొలత తప్పుంటాదిలే. ఇలా ఇయ్యి, వదులు చేత్తాను."

తెరేసా వెళ్లాక జోసెఫిన్ జాకెట్టు రెండు చేతులనూ ఒకదాని మీద ఒకటి పరిచింది. రెండూ సమానంగానే ఉన్నాయి. గుడ్డలో తేడా లేదు, మనిషిలో ఉంది. కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, మళ్లీ కుట్టింది. ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి చూపు చెల్లెలి చేతి మీదే. తెరేసా ఎడం చేతి గాజులు తీసేసింది. అడిగితే, పగిలాయంది. ఒకరోజు చెల్లెలు బట్టలు ఆరేస్తుంటే వెలుతురులో చూసింది: ముంజేయి పొంగినట్టుంది, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది. జోసెఫిన్ ఇంట్లోకి వెళ్లి మరియమాత పటం ముందు కూర్చుంది. ప్రార్థన నోటికి రాలేదు. ఆ చేత్తోనే చిన్నప్పుడు తన పమిట కొంగు పట్టుకుని వీధంతా నడిచిన పిల్ల గుర్తొచ్చింది.

నాలుగు రోజులకు జోయల్ వచ్చాడు. మామూలుగా గుమ్మంలోనే మాట్లాడి వెళ్లేవాడు లోపలికొచ్చి కూర్చున్నాడు.

"వదినా, తెరేసా ఎడం చేత్తో చేప కొయ్యట్లేదు. గమనించేరా?"

జోసెఫిన్ మిషను ఆపింది. "నువ్వూ చూసేవా?"

"వారం అయ్యింది. అడిగితే మండిపడుద్దేమోనని..." అతని కళ్లు తడయ్యాయి. "మళ్లీ అదే అంటారా?"

"నాకేం తెలుసు బాబూ. లే, కన్నీళ్లు తుడుచుకో. నేను మాట్లాడతాను."

పెరట్లో తెరేసా పీట మీద కూర్చుని కుడిచేత్తో కత్తి పట్టుకుని అవస్థ పడుతోంది. పొలుసు సరిగ్గా రావడం లేదు. జోసెఫిన్ పక్కనే కింద కూర్చుంది. చెల్లెలి ఎడం చేతిని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. బరువుగా ఉంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది.

తెరేసా చెయ్యి లాక్కోలేదు. "నాకు తెలీదనుకున్నావా అక్కా? కొలత తప్పుంటాదిలే అన్నావు చూడు, అప్పుడే అర్థమైంది. నీకెప్పుడైనా కొలత తప్పిందా?"

"మరి చెప్పవేంటే?"

"చెప్తే మళ్లీ మొదలవుద్ది. ఆ బస్సు, ఆ సూదులు, ఆ ఆసుపత్రి వాసన. పండగ అయ్యేదాకా మామూలు మనిషిలా ఉందామనుకున్నాను. అంతే."

జోసెఫిన్‌కు కోపం రాలేదు. తానూ అదే చేసింది కదా. "పండగ ఎక్కడికీ పోదు. రేపు పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తాను" అంది. ఆ పూట చేపలు తనే కోసింది.

మర్నాడు కాకినాడ బస్సులో తెరేసా కిటికీ పక్కన కూర్చుంది. బస్సు తాళ్లరేవు దాటింది. అప్పుడు తెరేసాయే అంది: "పండక్కి గుడ్డలు కొనడానికి ఇదే బస్సులో తీసుకెళ్లేదానివి, గుర్తుందా? నేను ప్రతిసారీ వాంతి చేసుకునేదాన్ని."

"ప్రతిసారీ నా చీర మీదే."

"అయినా గోలీసోడా కొనిపెట్టేదానివి."

"లేకపోతే ఊరుకునేదానివా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు సీట్లో ఆవిడ తిరిగి చూసింది.

డాక్టరమ్మ చెయ్యి, చంక, మెడ అన్నీ తడిమి చూసింది. జ్వరం వచ్చిందా, నొప్పి ఉందా అని అడిగింది. రక్తపరీక్ష, స్కానింగ్ రాసింది. ఫలితాలు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ జోసెఫిన్ ఒక్క జాకెట్టూ కత్తిరించలేదు.

చివరికి డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "జబ్బు తిరగబెట్టిన జాడ లేదమ్మా" అంది. "చంకలో గ్రంథులు తీసేశాం కదా, ఆ దారిన పోవాల్సిన నీరు చేతిలో నిలిచిపోతోంది. కొంతమందికి ఏళ్ల తర్వాత కూడా ఇలా అవుతుంది. తొందరగా వచ్చారు, అది మంచిదైంది."

తెరేసా ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. జోసెఫిన్ అడిగింది: "పూర్తిగా తగ్గిపోద్దాండీ?"

"అలా మాట ఇవ్వలేను. అదుపులో పెట్టుకోవచ్చు."

ఆ చేతికి దెబ్బా, సెగా తగలనివ్వొద్దంది. చేపలు కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోమంది. చెయ్యి ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆగకుండా రమ్మంది. నర్సు మెత్తగా పైకి నిమరడం చూపించి, సాగే గుడ్డతో చేసిన తొడుగు ఒకటి తొడిగింది. జోసెఫిన్ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇలాంటిది నేనే కుట్టేయనాండీ?" అంది. డాక్టరమ్మ నవ్వి, "వద్దమ్మా, ఎక్కడ ఎంత బిగుతుండాలో లెక్క ప్రకారం తయారుచేస్తారు. మీరు జాకెట్లు కుట్టండి" అంది.

పండగ రోజు తెరేసా ఆ తొడుగు మీదే పట్టు జాకెట్టు వేసుకుని చర్చికి వెళ్లింది. ఉక్కకు చెమట పట్టి దారంతా సణుగుతూనే ఉంది. జోయల్ అడుగడుగునా చేతి వైపు చూస్తుంటే, "నన్ను కాదు, దారి చూసి నడువు" అని కసిరింది.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కచెల్లెళ్లిద్దరూ అరుగు మీద కూర్చుంటారు. జోసెఫిన్ చెల్లెలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మణికట్టు నుంచి భుజం దాకా నెమ్మదిగా నిమురుతుంది. నిమిరేటప్పుడు పాత సంగతులే వస్తాయి: నాన్న వలల్లోంచి వచ్చే ఉప్పు వాసన, అమ్మ పాడిన జోలపాటలో మరిచిపోయిన చరణం, సిస్టర్లు పంచిన పాలపొడి తిన్న రోజులు. వాపు కొన్నాళ్లు తగ్గుతుంది, కొన్నాళ్లు పెరుగుతుంది. భయమూ అంతే.

మొన్నామధ్య తెరేసా ఉన్నట్టుండి, "అక్కా, నడుం పట్టేసినట్టుందే" అంది. జోసెఫిన్ చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. బియ్యం బస్తా పక్కకి జరిపేనులే. అందుకే అయ్యుంటాది. ముందే చెప్తే మంచిదని చెప్పేను."

"మంచిపని చేసేవు. రెండ్రోజులు చూద్దాం. తగ్గకపోతే వెళ్దాం."

"రెండ్రోజులేనా?"

"రెండ్రోజులే."

"సరే." తెరేసా కళ్లు మూసుకుని గోడకు చేరబడింది. "ఇంతకీ ఆ చరణం గుర్తొచ్చిందా నీకు?"

"ఇంకా లేదే" అని జోసెఫిన్ మళ్లీ నిమరడం మొదలుపెట్టింది.