సౌండు మేస్త్రి చెవులు

టైర్ల కొట్టుకీ, సీటు కవర్లు కుట్టే షాపుకీ మధ్య ఒక ఇరుకు షెడ్డు ఉండేది. అందులో ఒక్క కారు పడుతుంది. కారు తలుపులు రెండు పక్కలా తెరిస్తే మనిషి పొట్ట లోపలికి పీల్చుకుని దాటాలి. ఆ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషిని అందరూ సౌండు మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

కారుతో పాటు కంపెనీ బిగించి పంపిన స్టీరియో నచ్చనివాళ్ళు అతని దగ్గరికి వచ్చేవాళ్ళు. "కంపెనీ స్పీకర్లో మాట వినపడుతుందండీ, మనిషి వినపడడు," అనేవాడు మేస్త్రి. డ్యాష్‌బోర్డు మీద గీత పడకుండా పాత డెక్కు ఊడదీసేవాడు. కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యకుండా మధ్యలో వేరే కనెక్టరు పెట్టి కొత్త డెక్కు కలిపేవాడు. తలుపుల రేకు అదరకుండా లోపల నల్లటి అంటు షీట్లు పరిచి, చిన్న రోలరుతో గాలి బుడగ లేకుండా నొక్కేవాడు. ఆ పని చూడ్డానికి సీటు కవర్ల షాపాయన కత్తెర పక్కన పెట్టి మరీ వచ్చి నిలబడేవాడు.

ఒకసారి ఓ కుర్రాడు డిక్కీ నిండా కారు అదిరేలా మోగే పెద్ద వూఫర్లు పెట్టించుకుంటానని వచ్చాడు.

"నీకు పాట కావాలా, భూకంపం కావాలా?" అన్నాడు మేస్త్రి.

"రెండూ కావాలి."

"అయితే రెండు కార్లు కొనుక్కో."

ఆ కుర్రాడు నవ్వి, మేస్త్రి చెప్పినట్టే ఒక్క వూఫరు పెట్టించుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకో ఏడుగురిని పంపించాడు.

వైర్లు, స్పీకర్లు బిగించడం సగం పనే. మిగతా సగం సీట్లో కూర్చుని చెయ్యాలి. పాట పెట్టి, లావు శబ్దం ఎంత, సన్న శబ్దం ఎంత, పాడే గొంతు ఎక్కడ నిలబడాలి, అన్నీ చెవితో విని కొంచెం కొంచెంగా సర్దాలి. అక్కడే మేస్త్రికి పేరొచ్చింది. అక్కడే దెబ్బ కూడా తగిలింది.

యాభై నాలుగో ఏట ఒకే నెలలో ముగ్గురు వెనక్కి వచ్చారు. ముగ్గురిదీ ఒకటే మాట: చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది. మేస్త్రి సన్న శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు మార్చి చూశాడు. అయినా మళ్ళీ వచ్చారు. సరుకు బాగోలేదని సరుకు అమ్మినవాణ్ణి తిట్టాడు. భార్య ఓ రోజు అన్నం డబ్బా తెచ్చి, కారులో పాట మోగుతుంటే లోపలికి వంగి, చటుక్కున రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత వారం అతనికి జ్వరమొచ్చింది. ఆమె చంకలో థర్మామీటరు పెట్టి పక్కనే స్టూలు మీద కూర్చుంది. అతను కదలకుండా పడుకున్నాడు. కాసేపయ్యాక, "ఇదేంటి, ఎంతసేపటికీ కూయదు? బ్యాటరీ అయిపోయిందేమో," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది.

"అది ఇందాకే కూసిందండీ," అంది. "మూడుసార్లు."

అతను థర్మామీటరు తీసి చూశాడు. అంకెలు నిలబడి ఉన్నాయి. ఎంత జ్వరమో చదవకుండానే దుప్పటి మీద పెట్టేశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

చెవి డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. మేస్త్రి మీట పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. బయటికొచ్చాక డాక్టరు కాగితం మీద ఒక గీత చూపించాడు. ఎడమ పక్క బాగానే ఉన్న గీత కుడి పక్కకి వచ్చేసరికి గోతిలో పడ్డట్టు దిగిపోయింది. సన్న శబ్దాలు పోయాయి, ఇక తిరిగి రావు అన్నాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయన్నాడు. మిషను కొన్నారు. దాంతో పాట వింటే రేకు డబ్బాలో గులకరాళ్ళు దొర్లినట్టుంది. పైగా చెవిలో మిషను పెట్టుకున్నవాడి చేత కారుకి సౌండు ఎవరు పెట్టించుకుంటారు? దాన్ని డబ్బాలో పెట్టి అల్మారాలో తోసేశాడు.

"షెడ్డు మూసేస్తాను," అన్నాడు ఆ సాయంత్రం.

"మూసి ఏం చేస్తారు?"

"ఏమో. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. రేపు నా సంగతీ అంతే."

ఆమె నవ్వలేదు. "నా చెవులు బాగానే ఉన్నాయిగా," అంది.

ఆమె ఇంట్లో బట్టలు కుట్టేది. మర్నాటి నుంచి నాలుగింటికల్లా కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. పక్క సీట్లో కూర్చుని వినేది. పాటల గురించి ఆమెకేమీ తెలీదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. కుట్టులో తప్పు పట్టుకున్నట్టు వినేది. "ఇక్కడ లాగుతోంది," అనేది. "ఆ వెనక ముడత పడింది." "ఈ అమ్మాయి గొంతుకి లోపలి కుట్టు బయటికి కనిపిస్తోంది, కొంచెం తగ్గించండి." ఆ మాటలకి ఏ మీట తిప్పాలో నేర్చుకోడానికి మేస్త్రికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మాటలూ అక్కర్లేకపోయాయి. చెయ్యి పైకెత్తితే పెంచాలి, దించితే తగ్గించాలి, రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే కొయ్యాలి. సరిపోయిందంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది.

ఎనిమిదేళ్ళు అలా గడిచింది. ఆ ఎనిమిదేళ్ళలో వెనక్కి వచ్చిన కారు ఒక్కటీ లేదు. మేస్త్రి పేరు ఇంకా పెరిగింది. ఆమె టీ ఇవ్వడానికి వచ్చి కాసేపు ఏసీలో కూర్చుంటుందని అందరూ అనుకునేవాళ్ళు.

సంగీతం నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. తన కారుకి పని అయ్యాక సీట్లో కూర్చుని ఒక పాట మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. దిగి వచ్చి మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నలభై ఏళ్ళుగా నేను వింటున్న పాట ఇది. ఇవాళే మొత్తం విన్నాను. మీ చెవులకి దండం పెట్టాలి."

ఆమె అప్పుడు మూలనున్న బల్ల దగ్గర టీ గ్లాసులు కడుగుతోంది. మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. అతను మాస్టారుకి ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికి నడుస్తూ, "చెప్పాల్సింది," అన్నాడు.

"ఎవరికి?"

"ఆయనకి. ఆ చెవులు నావి కావని."

"చెబితే రేపు ఎవరొస్తారు? ఇంట్లో మాట ఇంట్లో ఉండనివ్వండి," అంది ఆమె. ఆమె గొంతులో బాధ ఉందా లేదా అన్నది అతనికి ఆ రోజు తెలియలేదు. అడగనూ లేదు.

తొమ్మిదో ఏడు మొదట్లో ఆమెకి అన్నం సయించడం మానేసింది. కడుపులో గడ్డ అన్నారు. అప్పటికే ముదిరిపోయిందన్నారు. వాళ్ళ కూతురు ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసేది. తల్లి రిపోర్టు చేతిలోకి తీసుకుని ఒక్కసారి చూసింది, కవర్లో పెట్టేసింది. నాన్నకి ఏమని చెప్పాలో తెలీక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మేస్త్రికి ఆ వీపు చూడగానే అంతా తెలిసిపోయింది.

నాలుగు నెలలు. చివరి పదిరోజులు ఆసుపత్రిలో. రోజురోజుకీ ఆమె గొంతు సన్నబడింది. మొదట పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. తర్వాత పెదాలు కూడా సరిగ్గా కదిలేవి కావు. ఏం కావాలన్నా కూతురు వంగి విని, తండ్రికి గట్టిగా చెప్పేది. మిషను తెచ్చుకోమని కూతురు రెండుసార్లు అంది. ఇంటికెళ్ళి అల్మారా తీశాడు. ఎనిమిదేళ్ళు తాకని మిషను. లోపలి బ్యాటరీ ఉబ్బి పచ్చగా కారింది. కొత్తది రేపు కొందాం, ఎల్లుండి కొందాం అనుకున్నాడు. ఆ రోజుల్లో అతనికి ఏ పనికీ చెయ్యి ఆడలేదు.

ఒక మధ్యాహ్నం కూతురు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. గదిలో ఇద్దరే ఉన్నారు. ఆమె కళ్ళు తెరిచి అతని వైపు చూసింది. ఏదో అంది. నాలుగైదు మాటలు ఉంటాయి. అతను చెవి దగ్గరగా పెట్టాడు. మళ్ళీ అంది. ఊపిరి తగిలింది కానీ మాట తెలియలేదు. ఫ్యాను చప్పుడు మాత్రం వినపడుతోంది. ఇంకోసారి చెప్పమని అడగబోయాడు. ఆమె నుదుటి మీద పట్టిన చెమట చూసి ఆగిపోయాడు. మళ్ళీ కష్టపెట్టడం ఎందుకని, "సరే, అలాగే," అని తల ఊపాడు.

ఆమె అతన్ని కాసేపు అలాగే చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే పోయింది. ఆ సాయంత్రం తప్పిన స్పృహ మళ్ళీ రాలేదు.

నెల తర్వాత మేస్త్రి షెడ్డు తలుపు పైకెత్తాడు. వారం తిరక్కుండానే సంగీతం మాస్టారు కొత్త కారు వేసుకుని వచ్చాడు. ఆయనకి అప్పటికే సంగతి తెలుసు, రెండు మాటలు పరామర్శించాడు. "తొందరేం లేదు, మీకు వీలైనప్పుడే," అన్నాడు. మేస్త్రి ఆ రోజే మొదలుపెట్టాడు. చేతులు పని మర్చిపోలేదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు, కార్పెట్ కింద వైరు, తలుపుల్లో షీట్లు, అన్నీ ఎప్పటిలాగే కుదిరాయి. మూడోరోజు పాట పెట్టి సీట్లో కూర్చున్నాడు. మీట మీద వేలు పెట్టాడు. పక్క సీటు వైపు తిరగడం అలవాటు కదా, తిరిగాడు.

మాస్టారు వచ్చేసరికి పాట మోగుతూనే ఉంది. మేస్త్రి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సార్," అన్నాడు దిగకుండానే, "మీకొక మాట చెప్పాలి. నాకు సరిగ్గా వినపడదు. తొమ్మిదేళ్ళుగా వినపడదు. మీ పాత కారు సౌండు నేను పెట్టింది కాదు, మా ఆవిడ పెట్టింది. ఆ రోజు మీరు దండం పెట్టాలన్నది ఆవిడ చెవులకి. నేను నవ్వి ఊరుకున్నాను."

మాస్టారు కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఆవిడ ఎక్కడ కూర్చునేది?"

"అక్కడే."

"నేను చెబుతాను. మీరు తిప్పండి."

ఇద్దరూ కలిసి గంటసేపు సర్దారు. మాస్టారు తెలిసినవాడు, స్వరాల పేర్లు పెట్టి కచ్చితంగా చెప్పాడు. కారు బాగానే పలికింది కాబోలు, ఆయన బాగుందనే అన్నాడు. మేస్త్రి నమ్మాడు. నమ్మడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు.

ఆ తర్వాత అతను ఎవరి దగ్గరా దాచలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. కొందరు జాలిపడ్డారు, కొందరు మోసం చేశాడని చాటుగా అనుకున్నారు. బేరాలు తగ్గాయి. ఏడాది తిరిగేలోపు షెడ్డు సీటు కవర్ల షాపాయనకి అప్పగించేసి, నాలుగు వీధుల అవతల కొత్తగా వచ్చిన పెద్ద షాపులో పనికి కుదిరాడు. అక్కడ సీట్లో చిన్న మైకు పెడితే, కంప్యూటరే విని సర్దేస్తుంది. మేస్త్రిది వైరింగు ఒక్కటే పని. చెవికి కొత్త మిషను కొనుక్కున్నాడు. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు తియ్యడు.

ఆ మధ్య కూతురు పాత కారు ఒకటి కొనుక్కుంది. అందులో కంపెనీ స్టీరియో గరగరమంటోంది. "వార్తలు వింటే చాలు నాన్నా, నువ్వు కష్టపడకు," అంది. అతను వినలేదు. ఓ ఆదివారం పొద్దున ఇంటి ముందే తలుపు ప్యానెల్ విప్పాడు. కూతురు పక్కన నిలబడి స్క్రూలు గిన్నెలో వేసుకుంటోంది. పాత స్పీకరు ఊడదీసి చేతిలో పట్టుకుని, తలెత్తకుండా అన్నాడు:

"మీ అమ్మ చివర్లో నాతో ఏదో అంది. నాకు వినపడలేదు."

కూతురు చెయ్యి ఆగింది. "ఎప్పుడు?"

"నువ్వు మందులకి వెళ్ళినప్పుడు. రెండుసార్లు అంది. నేను సరే అన్నాను."

"మళ్ళీ అడగలేకపోయావా?" అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. కాసేపటికి మెల్లగా, "మంచినీళ్ళు అడిగి ఉంటుందిలే నాన్నా. అప్పుడు ఎప్పుడూ నీళ్ళే అడిగేది," అంది.

"నా భయమూ అదేనమ్మా," అన్నాడు మేస్త్రి. "ఇంకేదైనా పెద్ద మాటైతే పోనీ, అనుకుందును. నీళ్ళే అడిగుంటే? పక్కనే గ్లాసుంది. నేను సరే అని చెప్పి ఇవ్వకుండా కూర్చున్నాను. నన్ను అలా చూసి అటు తిరిగింది."

కూతురు తండ్రి పక్కన నేల మీద కూర్చుండిపోయింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని అతని భుజానికి తల ఆనించింది. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. ఎదురింటివాళ్ళు ఎవరో గేటు తీసుకుని వెళ్ళారు, పలకరించలేదు.

తర్వాత అతను లేచి కొత్త స్పీకరు బిగించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. కూతురు డ్యూటీకి టైమైందని అదే కారులో వెళ్ళింది.

ఆ రోజు నుంచి ఆమె తండ్రితో ఏం మాట్లాడినా ఎదురుగా వచ్చి, మొహం చూస్తూ మాట్లాడుతుంది. ఆసుపత్రి సంగతి మళ్ళీ వాళ్ళిద్దరి మధ్య రాలేదు.