తనంతట తాను తిరిగే ఫ్యాను

మా లారీకీ నాకూ ఒకటే జబ్బు. పైకెక్కమంటే తల వేడెక్కుతుంది. నేను ఐదో తరగతి దాకా ఎలాగో ఎక్కి, ఆరు కనబడగానే దిగిపోయాను. లారీ పాపం దిగిపోయే రకం కాదు. సగం మిట్ట ఎక్కి, అక్కడే నిలబడి పొగలు కక్కేది. పట్టుదలలో నాకంటే అదే నయమని మా బావ అందరి ముందూ అనేవాడు. కాదనడానికి నా దగ్గర మార్కుల కాగితమైనా లేదు.

ఎనభైల నాటి సంగతి. వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. మా అక్క భర్తా నేనూ కలిసి ఆ పాత లారీని నడిపేవాళ్ళం. అంతకుముందు అది శనక్కాయల మూటలు మోసేది. కాయలు పండడం మానేశాక మూటలు దిగిపోయి, వెనక ఇనుప ట్యాంకు ఎక్కింది. కళ్యాణదుర్గం దగ్గర ఒక బోరులో నీళ్ళు నింపుకుని, కుందుర్పి వైపు ఒక ఊరికి తోలడం మా పని. నేను స్టీరింగ్ పట్టేవాణ్ణి, బావ ట్యాంకు కొళాయి పట్టేవాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ముందొచ్చినవాళ్ళకు ముందు అనేది కాదు. వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఇళ్ళు ఏ వరసలో ఉన్నాయో బిందెలూ అదే వరసలో ఉండాలి. ఎవరూ దాన్ని తప్పేవాళ్ళు కాదు. వరస చివర ఒక అవ్వ ఉండేది. ఒంటరి మనిషి. ట్యాంకులో నీళ్ళు తగ్గితే తగ్గేది ఆమెకే. ట్యాంకులో నీళ్ళు తగ్గడం మా ఇంజిన్ వల్ల. దారిలో అది మరిగిన ప్రతిసారీ, చల్లారబెట్టి, వెనక నుంచి బిందెడు నీళ్ళు తెచ్చి రేడియేటర్‌లో పోసేవాళ్ళం. అంటే అవ్వ తాగాల్సిన నీళ్ళు మా లారీ తాగేది. ఆమె ఖాళీ బిందెను చంకనెత్తుకుని, రేడియేటర్ వైపొకసారీ నా వైపొకసారీ చూసి వెళ్ళిపోయేది. తిట్టి ఉంటే ఏదో ఒక ఎకసెక్కెం ఆడి తప్పించుకునేవాణ్ణి. ఆమె అలా చూస్తే మాత్రం బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చేసేవాణ్ణి.

మరగడానికి కారణం ఇంజిన్ ముందుండే ఫ్యాను. దాని ఇరుసు విరిగింది. అతికిస్తే మళ్ళీ విరిగింది. మూడోసారి రెక్క ఎగిరిపోయి రేడియేటర్‌ను గీరింది. ఆ పాత బండికి కొత్త సామాను ఎక్కడా దొరకలేదు. చివరికి అనంతపురంలో ఒక మెకానిక్, పాత ఇనుము కొట్టులో పడివున్న కరెంటు ఫ్యాను ఒకటి తెచ్చి రేడియేటర్ ముందు బిగించాడు. బ్యాటరీతో తిరుగుతుంది. మా కష్టాలు తీరాయనుకున్నాం.

“ఫ్యాను బిగించడం నా పని. అది ఎప్పుడు తిరగల్ల, ఎప్పుడు నిలబడల్ల అనేది ఆ సాయిబును అడగండి” అని మెకానిక్ పక్క కొట్టు చూపించాడు.

సాయిబు లారీల కరెంటు పనులు చేసేవాడు. మేము చెప్పిందంతా విని, బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి మామూలు స్విచ్చి. రెండోది బొటనవేలంత ఇత్తడి బిరడా, దానికి వెనక రెండు తీగలు.

“స్విచ్చి అయితే నీ చేతిలో ఉంటాది. వేడైందనిపిస్తే వేసుకో, చల్లారితే తీసెయ్. ఈ ఇత్తడిదైతే నీళ్ళల్లో ఉంటాది. వేడి తగిలితే తనంతట తానే ఫ్యాను తిప్పుతాది. రెండూ వద్దంటే తాళంచెవికే కలిపేస్తా, బండి నడిచినంత సేపూ తిరుగుతానే ఉంటాది. ఏది కావల్ల?”

“మంచిది కావల్ల భాయ్” అన్నాను.

“మంచి చెడ్డా నా కొట్లో ఉండవప్పా. నీ బండికి ఏది పనికొస్తాదో నువ్వే చెప్పల్ల.”

అదే నాకు తెలియదు. అంతా తాళంచెవికే కలిపేద్దామంటే, మా బండిలో బ్యాటరీని నింపే డైనమో పిల్చినప్పుడొకసారి, పిల్వనప్పుడొకసారి వచ్చే చుట్టం లాంటిది. ఫ్యాను అంతసేపు తిరిగితే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది, మర్నాడు లారీని తోసి స్టార్టు చెయ్యాలి. నీళ్ళ ట్యాంకుతో ఉన్న లారీని తోసే మగాళ్ళు మా జిల్లాలో అప్పటికి మిగల్లేదు. సగం మంది బెంగుళూరు వెళ్ళిపోయారు.

“అయితే స్విచ్చి పెట్టు” అన్నాను.

బావ అడ్డం వచ్చాడు. “స్విచ్చా? వీడి చేతికా? భాయ్, వీడు మాటల్లో పడితే ఊరు దాటిపోయినా బ్రేకు ఎయ్యడు. స్విచ్చి ఏస్తాడా?”

“వేడి ముల్లు చూసి వేస్తాలే బావా.”

“ఏ ముల్లు బామ్మర్దీ? అది మనం కొన్నప్పటి నుంచీ నడుమనే ఉండాది. లారీ తగలబడినా అది ఆడ్నే ఉంటాది.”

నిజమే. ఇంజిన్ వేడి చూపే ముల్లు చచ్చి చాలా కాలమైంది. వేడి ఎంతో తెలియని మనిషి చేతికి స్విచ్చి ఇస్తే ఏం లాభం? అలా ఒకటొకటి కొట్టేసుకుంటూ వస్తే ఇత్తడి బిరడా ఒక్కటే మిగిలింది. ఏరుకున్నామని బయట చెప్పుకున్నాం గానీ, నిజానికి మాకు మిగిలింది అదే.

పనిచేస్తుందో లేదో చూపమన్నాను. సాయిబు దానికో చిన్న బల్బు కలిపి, పక్కనున్న టీ కొట్టుకెళ్ళి, కాగుతున్న నీళ్ళ గిన్నెలో ముంచాడు. కాసేపటికి బల్బు వెలిగింది. తీసి చన్నీళ్ళలో పెడితే ఆరింది. నేను చప్పట్లు కొట్టాను.

“ఏమప్పా, నా నీళ్ళల్లో ఇత్తడి ఉడకేస్తే టీ ఎవురు తాగల్ల?” అని టీ కొట్టాయన అరిచాడు.

“తాగినోడికి వేడెక్కితే వాడే తిరుగుతాడులే అన్నా” అన్నాను. ఆయన నవ్వలేదు.

బిరడాను రేడియేటర్‌లో బిగించుకుని వచ్చాం. ఎంత బాగా పనిచేసిందని! మిట్ట ఎక్కుతుంటే ముందు నుంచి గుయ్యిమని శబ్దం వచ్చేది. దిగువలో ఆగిపోయేది. రేడియేటర్‌కు పొద్దున బోరు దగ్గర పోసే నీళ్ళు తప్ప, దారిలో పోసే పని లేకపోయింది. ట్యాంకు నిండుగా ఊరు చేరింది. అవ్వ బిందె నిండింది. ఆమె నా వైపు చూడకుండానే వెళ్ళిపోయేది. ఆ చూడకపోవడం నాకు పతకం తగిలించినంత గొప్పగా ఉండేది.

ఎండాకాలం ముదిరేకొద్దీ ఫ్యాను తిరగడం తగ్గింది. మాకు అంతకంటే సంతోషం ఏముంటుంది?

“చూసినావా బావా, ఇంత ఎండలోనూ తిరగల్లేదు. ఇంజిన్ అంత చల్లగుండాదన్నమాట!”

“మంచి సామాను పెట్టిచ్చినాములే” అన్నాడు బావ, పెట్టించింది తానే అన్నట్టు.

తర్వాత అది అసలు తిరగడమే మానేసింది. మేము ఇంకా పొంగిపోయాం. బోరు దగ్గర కలిసిన మరో లారీ డ్రైవరుకు గొప్పలు కూడా చెప్పాను, మా ఫ్యానుకు పని కల్పించడమే కష్టంగా ఉందని.

ఆ రోజు మిట్ట ఇంకా సగం ఉందనగా ఇంజిన్ ఒక్కసారి దగ్గి, గుడుగుడుమని, ఆగిపోయింది. బానెట్ ఎత్తితే తెల్లటి ఆవిరి మొహాన కొట్టింది. ఫ్యాను కదలకుండా ఉంది. ఇంత వేడిలోనూ బిరడా నిద్రపోతోంది. బిగించిన రోజు సాయిబు చెప్పిన చిట్కా గుర్తొచ్చి, దాని వెనక రెండు తీగలూ ఊడదీసి, ఒకదానికొకటి కలిపాను. ఫ్యాను గిర్రున తిరిగింది. పోయినోడికి విసనకర్ర విసిరినట్టుంది. అప్పటికే లోపల నీళ్ళూ ఆయిలూ కలిసిపోయాయి. లారీ ఇక ఆ రోజు కదలదు.

వెనక ట్యాంకు నిండా నీళ్ళు. ముందు చచ్చిన ఇంజిన్. మిట్ట అవతల ఊరు. మధ్యలో నేను. బండి కింద దూరి చూశాను, పైకెక్కి చూశాను, ఒకసారి ఊరికే చక్రాన్ని తన్నాను కూడా. చేయగలిగింది ఏమీ లేదని తెలిసినప్పుడు మనిషి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు.

బావ నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళి చెప్పాడు. ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని ఆ ఎండలో మిట్ట మీదుగా వచ్చారు. వచ్చి, లారీ పక్కన తారురోడ్డు మీద బిందెలు పెట్టారు, వీధిలో ఇళ్ళున్న వరసలోనే. ఎవరూ ఎవర్నీ దాటలేదు. చివరన అవ్వ బిందె. ఆ రోజు ఇంజిన్‌కు నీళ్ళ అవసరం లేదు గనుక ఆమె వంతు వచ్చేసరికి ట్యాంకులో ఇంకా నీళ్ళున్నాయి. బిందె నిండా పట్టి, ఎత్తి ఆమె తలమీద పెట్టాను. మెడ సర్దుకుని, ఒక చేత్తో బిందె పట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో మిట్ట ఎక్కసాగింది. నేను చూస్తూ నిలబడ్డాను. లారీనైనా వెనక నుంచి తోస్తారు, మనిషిని ఎలా తోస్తాం?

లారీని కట్టి లాక్కుపోయి అనంతపురంలో విప్పించాం. సాయిబు బిరడా ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఇత్తడి ఎక్కడా కనబడలేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడిన ఉప్పు చుట్టుకుపోయి ఉంది.

“బోరు నీళ్ళు పోసినావు గదప్పా. ఉప్పు పట్టేసినాది. దీనికి వేడి తగల్లేదు. తగలకపోతే ఏం తిప్పుతాది?”

“ఇంకో కొత్తది పెడితే?”

“మళ్ళా అవే నీళ్ళు గదా.”

“మరి ఏది పెట్టమంటావు భాయ్?”

“నేనేమి చెప్పల్ల” అని మళ్ళీ అదే స్విచ్చి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టించుకున్నాను. వేడి ఎంతో తెలియకుండానే, మిట్ట కనబడితే వెయ్యడం, దాటితే తియ్యడం.

లారీ మళ్ళీ ఆ ఊరు చేరిన రోజు, బిందెలన్నీ నిండాక, జేబులోంచి ఆ బిరడా తీసి అవ్వకు చూపించాను. నా తప్పేమీ లేదని ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది.

“చూడవ్వా, ఇంతదాన్ని నమ్ముకుంటే ఇట్ల చేసింది. ఆ ఉప్పునీళ్ళల్లో ఉండీ ఉండీ దీనికి వేడి తెలియకుండా పోయినాది.”

అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో ఆ తెల్లటి పెచ్చును గీరి చూసింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

“ఆ నీళ్ళే గదప్పా మేము తాగేది. మాకు తెలుస్తానే ఉండాదే!”