ఆ దినం ఎవరి తోటకు పోయిన్రు

కూలీలు తనవాళ్లు కారని అధికారుల ముందు చెప్పిన మనిషి పేరు ఈ వేసవిలో ఆ కూలీల పిల్లల శిబిరం గేటు మీద వేలాడింది. పేరు పక్కన ఫోటో, ఫోటో కింద ‘మహాదాత’ అన్న మాట. రాసినవాళ్లకు సంగతి తెలియదనుకుంటే కొంత ఊరటగా ఉండేది. తెలుసు. తెలిసే రాశారు.

ఇప్పుడు వానాకాలం. జనగామలో మా ఇంటి వెనక ప్లాట్లు కాకుండా మిగిలిన పొలం ఇంకా కొంత ఉంది. నిన్న నీళ్లు పెట్టి, నాటు కోసం కరిగెట దున్నారు. పొద్దున కిటికీ తెరిస్తే కలియదున్నిన బురద వాసన, అందులో కుళ్లుతున్న పచ్చిరొట్ట వాసన కలిసి గదిలోకి వచ్చాయి. ఆ వాసన తగిలితే నాకు యాకమ్మక్క గుర్తొస్తుంది. ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చూసినవాళ్లకు నేను చెప్పవలసింది ఏమీ లేదు.

యాకమ్మక్కది లింగాల ఘనపూర్ దగ్గరి ఊరు. నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. వానాకాలం నాట్లు అయ్యాక, ఎండలు ముదిరేటప్పుడు మహబూబాబాద్ వైపు తండాల ఆడవాళ్లను కూడా కలుపుకొని భూపాలపల్లి దిక్కు మిరపకాయలు ఏరడానికి పోయేది. అక్కడికి పోతే వారాల తరబడి అక్కడే గుడిసెలు. పిల్లలు ఇళ్ల దగ్గర ముసలివాళ్ల పాలయ్యేవారు. బడి లేని ఎండాకాలంలో వాళ్లను చూసుకునే దిక్కు ఉండేది కాదు. అందుకని జఫర్‌గఢ్ దగ్గర ఖాళీగా ఉన్న ఒక బడిలో ఆమె శిబిరం పెట్టించింది. రెండు పూటల తిండి, పొద్దున చదువు, సాయంత్రం ఆట. పెద్ద పిల్లలకు కుట్టుపని, కరెంటు పని నేర్పించేవాళ్లు. కాలేజీ పిల్లలు, పెన్షన్ తీసుకునే పంతుళ్లు జీతం లేకుండా వచ్చి చెప్పేవారు. నేనూ చెప్పాను. బడికి పోని నేను, పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న నేను, సైకిల్ షాపు మూసి వెళ్లి పాఠం చెప్పాను. చెప్పనిచ్చింది ఆమె. పంతుళ్లలో ఒకాయన నా చదువెంత అని అడిగితే, ‘పిల్లలకంటే జర ఎక్కువ, నీకంటే జర తక్కువ. నడుస్తది’ అంది.

ఆమెను మొదటిసారి చూసింది మాత్రం శిబిరంలో కాదు, మడిలో. శిబిరం సంగతి విని చందా ఇద్దామని పోయాను. ముఠా నాటు వేస్తోంది. నేను ఒడ్డు మీద నిలబడి పిలిచాను.

‘అక్కా, చందా తెచ్చిన.’

‘మంచిదే తమ్మీ. పాయింటు మోకాళ్లకు మలుపు.’

‘ఎందుకు?’

‘మడిల దిగు. గా మూలకు నాటెయ్యి. అటెన్క తీస్కుంట.’

హాస్యమాడుతోందనుకున్నాను. ఆమె మళ్లీ వంగి తన పని తాను చేసుకుంటోంది. దిగాను. మోకాలి కిందివరకు బురద. ఎవరో నారు కట్ట విసిరితే అది నా చొక్కాకు తగిలింది. నేను వేస్తుంటే పక్కనున్నామె చూసి, ‘అన్నా, నాటేస్తున్నవా, పాతిపెడ్తున్నవా? గది బతకాలె’ అంది. నా సైకిల్ షాపు ఎరిగిన ఇంకొకామె, ‘పంచరైన కాడ గుచ్చినట్టు గుచ్చుతుండు, నేర్చిన పని యాడికి పోతది’ అంది. మూల పూర్తయ్యేసరికి నడుము నాది కాకుండా పోయింది. యాకమ్మక్క ఒడ్డెక్కి, తంబాకు నోట్లో వేసుకుని, అప్పుడు చెయ్యి చాపింది.

అది నా ఒక్కడి కోసం పెట్టిన పరీక్ష కాదు. ఆమె పద్ధతే అది. మడిలో కాలు పెట్టనివాడి చందా శిబిరానికి తీసుకోదు. జనగామ బట్టల దుకాణం సేటు ఒకాయన మడిలో కూలబడ్డాడు. లేపడానికి నలుగురు ఆడవాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. మరుసటేడు పిల్లలకు బట్టలు పంపినప్పుడు ఆ నలుగురినీ పేరు పేరునా అడిగాడట. ఎందుకీ పట్టుదల అని ఒకసారి అడిగాను.

‘ఒడ్డు మీదికెల్లి చూస్తే మా నడుములే కనవడ్తయి తమ్మీ. మొఖాలు కనవడయి. మొఖం చూడనోడు ఇచ్చేది ధర్మం. చూసినోడు ఇస్తే గది సాయం. నాకు ధర్మం అక్కర్లేదు’ అంది.

ఆ మాటలోని తేడా మీద నేను చాలా ఆలోచించాను. పుస్తకాల్లో దానికి పెద్ద పెద్ద పేర్లు ఉంటాయి. ఆమెకు ఆ పేర్లతో పని పడలేదు.

తరువాత ట్రాక్టర్ పడింది. భూపాలపల్లి దిక్కు ఒక ఆసామి మిరప తోటలో ఏరడం అయిపోయిన దినం. ట్రాలీ నిండా మిరప బస్తాలు, బస్తాల మీద ఆడవాళ్లు. మలుపు దగ్గర ట్రాలీ బోల్తా కొట్టింది. అందరికీ దెబ్బలు తగిలాయి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన కమిలికి తుంటి ఎముక విరిగింది. దవాఖానలో చాలా రోజులుంది. లేచాక కర్ర లేకుండా నడవలేకపోయింది. కూలి చేసుకునే మనిషికి నడుము కింద బలం పోతే ఏం మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పరిహారం కోసం కార్మిక శాఖ ఆఫీసుకు పోయాం. యజమాని ఎవరో తేలాలి అన్నారు. ఆసామిని పిలిపించారు. ఆయన తెల్లబట్టలతో వచ్చి కుర్చీలో కూర్చుని చెప్పాడు: ట్రాక్టర్ కిరాయికి ఇచ్చాను, కూలీలను కుదిర్చే మేస్త్రి ఎవరిని ఎక్కించుకున్నాడో, వాళ్లు ఎవరి తోటకు పోయారో నాకెట్ల తెలుసు? మేస్త్రి భయపడి ఊరు విడిచాడు. మేము ఆయన తోటలోనే ఏరినం అని ఆడవాళ్లంతా చెప్పారు. ‘మీరు మీరు ఒకటి, ఒకరికొకరు చెప్పుకుంటారు’ అన్నాడు అధికారి. ఒక పెద్దమనిషి మాట ఒక్కటి సరిపోయింది. ఒక ముఠా మాట సరిపోలేదు. ఆ లెక్క ఎక్కడ నేర్చుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. యజమాని ఒప్పుకుంటే ఫైలు మళ్లీ తీస్తామని చెప్పి మూసేశారు.

చట్టం నేను సొంతంగా చదువుకున్నాను. ఏ సెక్షన్ ఏం చెబుతుందో నాకు తెలుసు. యాకమ్మక్కతో కలిసి ఆసామి ఇంటికి పోయినప్పుడు అవన్నీ అరిచి చెప్పాను. దొంగ అన్నాను, రక్తం తాగేటోడివి అన్నాను. ఆయన కూడా లేచాడు. ‘సైకిళ్లకు గాలి కొట్టేటోనివి, నాకు చట్టం చెప్తవా’ అన్నాడు. చాలాసేపు ఇద్దరం అరుచుకున్నాం. కమిలి పేరు మా ఇద్దరి అరుపుల్లో ఎక్కడో పడిపోయింది. తిరుగు దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆగినప్పుడు యాకమ్మక్క సాసర్లో చాయ్ ఊదుకుంటూ అంది.

‘పానం సల్లవడ్డదా తమ్మీ?’

‘నేనన్నదాంట్ల తప్పేమున్నదక్కా?’

‘తప్పేం లేదు. నువ్వు తిట్టినవ్, ఆయన తిట్టుకు జవాబు చెప్పిండు. అడిగినదానికి చెప్పే పని తప్పిపాయె. సంబరపడి పండుకుంటడు ఇయ్యాల.’

నేనన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆయన ఆ తిట్లకు తగిన మనిషే. కాని ఆమె చెప్పింది ఎంత ఆలోచించినా కొట్టివేయలేకపోయాను. తిట్టు ఎదుటివాడికి తప్పించుకునే సందు చూపిస్తుంది. ఆ తరువాత ఆమె ఏటా ఆయన ఇంటికి పోయేది. మిరప ఏరే కాలంలో ఒకసారి, నాట్ల కాలంలో ఒకసారి. నేను వెంట పోతే నోరు తెరవనని ముందే మాట తీసుకునేది. గడప బయట నిలబడి ఒక్క మాట అడిగేది: ‘పటేలా, ఆ దినం వాళ్లు ఎవరి తోటకు పోయిన్రు?’ ఆయన కసిరినా, కుక్కను వదిలినా, ఇంకో మాట కలిపేది కాదు. కాసేపు నిలబడి, తలమీద కొంగు సర్దుకుని తిరిగి వచ్చేది. అందులో ఏం లాభమని ఒకసారి అడిగితే, ‘అడగకపోతే ఆయన మర్సిపోతడు. గాయింత సుఖం గూడ ఎందుకియ్యాలె?’ అంది.

ఒక వేసవిలో శిబిరానికి గడ్డు కాలం వచ్చింది. ఇచ్చేవాళ్లు తగ్గారు. పిల్లలకు పొద్దున జావ, సాయంత్రం పలుచని పప్పు. అప్పుడు ఆ ఆసామి బియ్యం పంపాడు. డీసీఎం వ్యాను నిండా సన్నబియ్యం. యాకమ్మక్క గేటు దగ్గరే బండిని ఆపి, డ్రైవర్‌కు మంచినీళ్లు ఇచ్చి, అన్నం పెట్టించి, బండి వాపసు పంపింది. పంతుళ్లు గొడవ చేశారు. పిల్లల నోటి దగ్గరి కూడు లాగేస్తావా అన్నారు. వంట చేసే రాజవ్వ అయితే గరిటె కింద పెట్టేసింది.

‘నీ పట్టుదల నీ దగ్గర పెట్టుకో. పోరగాళ్లేం చేసిన్రే?’ అంది రాజవ్వ.

‘ఈ బియ్యం తిన్న నోటితోని రేపు కమిలి గురించి నేనెట్ల అడగాలె? నువ్వు అడుగుతవా?’

రాజవ్వ కింద పెట్టిన గరిటె తీసుకుంది. మరునాడు యాకమ్మక్క తన ముఠాను తీసుకుని నర్మెట్ట వైపు వేరే రైతు దగ్గర కాయ ఏరడానికి పోయింది. కూలికి బదులు బియ్యం అడిగి తెచ్చింది. దొడ్డు బియ్యం. పిల్లలు అవే తిన్నారు. ఆ పని సబబేనా అని నాలో నేను చాలాసార్లు వాదించుకున్నాను. ఆకలి మీద నీతి నడపొద్దనే పక్షంలో కూడా నేను కొన్నాళ్లున్నాను. కాని ఆ పిల్లల్లో కమిలి బిడ్డలు కూడా ఉన్నారు. వాళ్లు తినేది ఎవరి అన్నమో వాళ్ల తల్లికి తెలిసేది కదా.

యాకమ్మక్క పోయింది. జ్వరమని పడుకుంది, లేవలేదు. శిబిరం కమిటీ చేతుల్లోకి పోయింది. మంచివాళ్లే, పని చేసేవాళ్లే. ఎవరు ఎంతిచ్చినా తీసుకోవాలని తీర్మానం చేశారు. ఈ వేసవి బోర్డు చూసి నేను కార్యదర్శిని అడిగాను. వయసులో ఉన్న మనిషి, మర్యాదగానే చెప్పాడు.

‘పెద్దాయనా, అక్క కాలం వేరు. ఇప్పుడు వంద మంది పిల్లలున్నరు. పేరు పెడితే ఏం పోతది? గాలికి చినిగిపోయే ఫ్లెక్సీ గది.’

‘కమిలి చూస్తది గదా నాయినా.’

‘ఆమె రాదు గదా ఇటు’ అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర చాలా జవాబులున్నాయి. ఇంటికి వచ్చి ఒక్కడినే అన్నీ అనుకున్నాను.

యాకమ్మక్క లేకపోయాక ఆసామి గడప దగ్గరికి నేనే పోతూ వచ్చాను. ఏటా రెండుసార్లు. అదే మాట, అంతే మాట. ఆయన ఒక్కోసారి తలుపు తీయడు, ఒక్కోసారి పోలీసులను పిలుస్తానంటాడు. నేను తిరిగి వస్తాను. నా స్వభావానికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు. కోపం నాకు తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. దాన్ని ప్రశ్న వెనక నిలబెట్టి, ప్రశ్నకు అడ్డం రానివ్వకపోవడం ఒక్కటే ఆమె నాకు నేర్పింది. ఇంత చదివినా ఏ పుస్తకంలోనూ అది దొరకలేదు. ఇప్పటికీ నాతో ఉన్నది అదే.

ఈ వానాకాలం ఆసామికి నాటు కూలీలు దొరకలేదు. ఏటా దూరం నుంచి వచ్చే ముఠాలు వేరే చోటికి పోయాయి. నారు ముదిరిపోతోంది, ఇంకా ఆగితే నాటడానికి పనికిరాదు. కొత్త మేస్త్రి ఒకడు కమిలి తండాకు కబురు పెట్టాడు. కమిలి ఆడబిడ్డ బుజ్జి నాకు ఫోన్ చేసింది.

‘బాపూ, రేపు గాయన పొలంల నాటు. నువ్వు గూడ రావాలె.’

‘నేనొచ్చి ఏం చెయ్యాలె బిడ్డా?’

‘యాకవ్వ అడిగినట్టు అడుగు. మేమడిగితే కూలి పెంచుమంటున్నరని అంటడు.’

పోయాను. ఆడవాళ్లు ఆసామి పంపిన బండిలోనే వచ్చి, నారు కట్టలు మడిలో పరిచి, చీరలు ఎగ్గట్టి, ఒడ్డు మీద వరుసగా నిలబడ్డారు. దిగలేదు. కమిలి కర్ర పక్కన పెట్టుకుని ఒడ్డు మీదనే కూర్చుంది. ఆసామి గొడుగు వేసుకుని వచ్చాడు. ముసలివాడయ్యాడు. నాలాగే.

‘ఇంకేంది, దిగున్రి’ అన్నాడు.

‘దిగుతం పటేలా. బాపు ఏదో అడుగుతడట. గది కానియ్యి’ అంది బుజ్జి. ఆమె చేతిలో వీడియో తీస్తున్న ఫోన్ ఉంది. దాచలేదు. ఆయనకు కనిపించేలాగే పట్టుకుంది.

నేను అడిగాను. ఎప్పుడూ అడిగినట్టే.

ఆయన నన్ను చూడలేదు. శిబిరానికి ఎన్ని బియ్యం పంపానో మీకు తెలుసా అన్నాడు. మీ పోరగాళ్లు తినేది ఎవరి అన్నం అన్నాడు. దానికి చెప్పవలసిన మాటలు నా గొంతు దాకా వచ్చాయి. మింగాను. ఆడవాళ్లు ఒడ్డు మీదనే ఉన్నారు. ఒకామె వంగి కాలికి అంటిన గడ్డి తీసుకుంది, అంతే. ఆయన మడిలో పరిచిన నారు వైపు చూశాడు, తరువాత మొదటిసారి కమిలి వైపు చూశాడు. నేను మళ్లీ అడిగాను.

‘నా తోటకే’ అన్నాడు. ‘నేనే పిలిపిచ్చిన. బస్తాల మీద కూసోమన్నది గూడ నేనే.’