రేకుల మోతకు తకధిమి

మా చిన్న మావయ్య సరుకు ఓడ మీద ఇంజనీరు. తొంభైల చివర్లో ఒకసారి సెలవులకు బందరు వచ్చినప్పుడు, ఏదో యూరప్ రేవులో కొన్న కాసెట్ నాకిచ్చాడు. అలాంటి సంగీతాన్ని ఇండస్ట్రియల్ అంటారనీ, ఈ ఆల్బమ్‌లో ఆ బృందం దానికి ఎలక్ట్రానిక్ వాయిద్యాలూ డాన్సు దరువూ కలిపిందనీ చెప్పాడు. టేపు పెట్టగానే ఇనుప రేకుల మీద సుత్తులు పడుతున్నట్టు మోత మొదలైంది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, టేప్‌రికార్డర్ పాడైందేమో చూడమంది.

నాకు మాత్రం మొదటిసారే నచ్చింది. మోటారు రొద, ఆవిరి చిమ్మే బుస, గొట్టంలోంచి వస్తున్నట్టుండే గొంతు, వాటన్నిటి కిందా తొణకని దరువు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఒక యంత్రం నెమ్మదిస్తుంటే ఇంకొకటి అందుకునేది. ఇనుములో ఇంత సంగీతం ఉందని వీళ్లకెలా తోచిందా అనుకునేదాన్ని.

మా పిన్ని కూచిపూడిలో నాట్యం నేర్చుకుని, గుడివాడలో పిల్లలకు నేర్పేది. డిగ్రీ చదువుతూనే ఆదివారాలు నేనూ ఆవిడ దగ్గరికి వెళ్లేదాన్ని. ఒక ఆదివారం ఆ కాసెట్ పట్టుకెళ్లాను. మొహం చిట్లించుకుని కాసేపు విన్న పిన్ని, కర్ర అందుకుని చెక్క మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

"పైన ఎంత గోలున్నా అడుగున నడక చక్కగా ఉందే. మళ్లీ వెయ్యి," అంది.

మధ్యాహ్నమంతా వేస్తూనే ఉన్నాను. అన్నం చల్లారిపోయింది. సాయంత్రానికి ఆవిడ అందులో ఒక పాటకు నాట్యం కూర్చడం మొదలుపెట్టేసింది. ధాన్యం మిల్లు నడుస్తున్నట్టు, నేనూ ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలూ బెల్టులూ చక్రాలూ అయి తిరగాలి. మా కాలేజీ వార్షికోత్సవంలో ఆడదామంది. కూచిపూడి నుంచి తన గురువుగారిని కూడా రమ్మని పిలిచింది.

వార్షికోత్సవం రోజు ఇంకా ఎండ ఉండగానే స్టేజీ ఎక్కాం. సగం పాట అయ్యేసరికి కరెంటు పోయింది. ఒక్కసారిగా మా గజ్జెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. స్టేజీ పక్కనుంచి పిన్ని గొంతెత్తి తకధిమి అందుకుంది. కాళ్లు ఆపకుండా ఆడుతూనే ఉన్నాం. కాసేపటికి కరెంటు వచ్చింది. టేపు మూలుగుతూ వేగం పుంజుకుంది కానీ, దాని దరువు మా అడుగుతో కలవలేదు. పిన్ని అరచెయ్యి పైకెత్తింది. ఎక్కడివాళ్లం అక్కడే నిలబడిపోయాం. ఆవిడ ఓపిగ్గా విని, తాళం తిరిగి మొదటి దెబ్బకు, సమానికి, రాగానే చెయ్యి దించింది. అందరి పాదాలూ ఒక్కసారే నేలను తాకాయి. మా కాలేజీ మైదానంలో అన్ని చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

కార్యక్రమం అయ్యాక గురువుగారు పిన్నిని దగ్గరికి పిలిచారు.

"పాట నాకెక్కలేదమ్మాయ్," అన్నారు. తర్వాత, "వాయించినవాళ్లు ఎక్కడివాళ్లు?" అని అడిగారు.

యూరప్ వాళ్లని తప్ప తనకూ తెలియదండీ అంది పిన్ని.

"ఎక్కడివాళ్లైతేనేం. వాళ్లకి తాళం తెలుసు. నీకు వాళ్లు తెలిశారు."

పిన్ని వంగి ఆయన పాదాలకు నమస్కరించింది. లేచాక చూస్తే కళ్లు తడిగా ఉన్నాయి. మరుసటి ఏడాది అదే ఆల్బమ్‌లోంచి ఇంకో పాట ఎంచుకుంది. పెళ్లయ్యాక స్టేజీ ఎక్కడం మానేసిన మనిషి, ఆ పాటకు తనే గజ్జె కట్టింది.