మూరెడు డీజిల్ ఇంజిను

మా మామ, అంటే అమ్మకు అన్న, రైలు డ్రైవరు. చాలా ఏళ్లు ధర్మవరం-పాకాల లైనులో ఒకే డీజిల్ ఇంజిను మీద ఎక్కువగా పనిచేశాడు. లైనుకు కరెంటు తీగలు వచ్చాక ఆ ఇంజిను ఎటో వెళ్లిపోయింది. మామ కరెంటు ఇంజిన్లకు మారాడు.

నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఇల్లు పుంగనూరు. తీరిక దొరికితే ప్లాస్టిక్ షీట్లు కోసి ఇంజిన్ల నమూనాలు చేస్తాను. మామ వాటిని చూసినప్పుడల్లా నవ్వేవాడు.

"బాగుండాయి పాపా. అయితే బొమ్మ బొమ్మే. దాంట్లో మా బండి యాడుంటాది?"

నేను ఎదురు మాట్లాడే మనిషిని కాను. ఆయన రిటైరయ్యే రోజుకు ఆ ఇంజినునే చేసి, ఆయన చేతనే 'ఇది మా బండి' అనిపించాలని డైరీలో మాత్రం రాసుకున్నాను.

అసలుదానికి నలభయ్యో వంతు, మూరెడు పొడవు. కొలతలు పుస్తకాల్లో దొరికాయి. మోటార్లు చుట్టే అంగడిలో రాగితీగ అడిగి తెచ్చుకుని చేతికడ్డీలు వంచాను. గాలి పోయే జాలీలకు వంటింట్లో టీ వడగట్టేది కత్తిరించాను.

"మన ఊరికి రైలు రాలేదని నువ్వే తెస్తాండావా?" అంది అమ్మ. "తేమ్మా తే. టీ మాత్రం రైల్లోనే తాగాల ఇంక."

చిక్కు ఫోటోల దగ్గర వచ్చింది. రోజూ నడిపే బండిని ఎవరూ ఫోటో తీసుకోరు. మామ దగ్గరున్నవన్నీ ఆయుధపూజ నాటివే. ఇంజిను ముందు రెండు మూలలకూ అరటి పిలకలు, వాటి మీద బంతిపూల దండలు, మధ్యలో నవ్వుతూ మనుషులు. మూలల్లో మెట్లెక్కడానికి పట్టుకునే కడ్డీ ఆ ఆకుల వెనక ఎలా ఉందో ఒక్క ఫోటోలోనూ కనబడలేదు. మామను అడిగితే ఏం చేస్తున్నానో తెలిసిపోతుంది. పుస్తకాల్లో ఒక్కో బొమ్మలో ఒక్కో రకంగా ఉంది. నిలువుగా ఉంటుందని ఊహించి అతికించాను. చూసిన ప్రతిసారీ అక్కడే అబద్ధం చెప్పినట్టు అనిపించేది.

ఆదివారాలు మదనపల్లె రోడ్డు స్టేషనుకు వెళ్లడం మొదలుపెట్టాను. లైను పనులకు కంకర తెచ్చే బండ్లకు ఇప్పటికీ డీజిల్ ఇంజిన్లే వస్తాయని తెలుసు. రెండుసార్లు ఊరికే తిరిగొచ్చాక మూడోసారి ఒకటి కనబడింది. మామ ఇంజిను రకమే, దాన్ని మరమ్మతు చేసిన షెడ్డుదే. దూరం నుంచి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఇటువైపు కడ్డీలకు మాత్రం కంకర కుప్ప అడ్డుగా ఉంది, అవతలి వైపుకు వెళ్లాలి. డ్రైవరు కిందికి దిగి టీ తాగుతున్నాడు. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఏమ్మా, రీల్స్ తీసుకోవాల్నా?" అన్నాడాయన. "ఈడ తీయకూడదు."

"కాదన్నా. ఫోటో వద్దు. ఆ మెట్ల కాడ కడ్డీ నిలువుగా ఉంటాదో, వంగతాదో సూడాల, అంతే."

ఆయన తన అసిస్టెంటు వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు దాన్ని పట్టుకొని ఎక్కుతాండాం. అది వంగతాదని నీకు తెలుసాప్పా?"

"మీరు నన్ను వంచతాంటే నాకు కడ్డీ యాడ కనబడతాది సార్," అన్నాడు అసిస్టెంటు.

ఇద్దరూ నన్ను అవతలి వైపుకు తీసుకెళ్లారు. కడ్డీ నిలువుగా లేదు. మోకాలి ఎత్తున లోపలికి వంగి పైకి వెళ్లింది. ఇంటికొచ్చి పాతవి పీకేసి నాలుగు మూలలకూ కొత్తవి పెట్టాను.

రిటైర్మెంటు భోజనాలు కుప్పంలో మామ ఇంట్లోనే. పలమనేరు, శాంతిపురం మీదుగా బస్సులో అట్టపెట్టె ఒళ్లోనే పెట్టుకుని వెళ్లాను. హాల్లో బల్ల మీద నమూనా పెట్టగానే చుట్టాలు మూగారు. "మనవడికా?" అన్నారెవరో. మామ బల్ల దగ్గరికొచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మూల కడ్డీని వేలితో కిందినుంచి పైకి నిమిరాడు. తర్వాత వంగి, డ్రైవరు గది ఎడమ కిటికీకి కన్ను ఆనించి అటువైపు చూశాడు.

ఆ రకం ఇంజినులో గది ఒక చివర ఉంటుంది. పొడవాటి యంత్రాల పెట్టె ముందు పెట్టుకుని నడిపేటప్పుడు, కుడివైపు మలుపుల్లో ఎడమన కూర్చున్న డ్రైవరుకు పట్టాలు కనబడవు. కుడివైపున్న అసిస్టెంటు చూసి సిగ్నలు ఏమిటో గట్టిగా చెప్పాలి. మామకు ఒకప్పుడు అసిస్టెంటుగా చేసినాయన భోజనానికి వచ్చి ఉన్నాడు.

"కుడికి తిరగతాండాం," అన్నాడు మామ, కన్ను తీయకుండానే. "నీ పక్క ఎట్లుండాదప్పా?"

ఆయన చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టి, గబగబా వచ్చి కుడి కిటికీ దగ్గర వంగాడు.

"పచ్చ అన్నా. పోనీండి."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ అలాగే కాసేపు వంగి ఉన్నారు. విస్తర్లు వేయడానికి ఒకామె బల్ల జరపబోయింది.

"నన్నడగకుండా బండి కదిలీయొద్దు తల్లీ," అన్నాడు మామ. విస్తర్లు వరండాలో వేశారు.

భోజనాల దగ్గర ఒకాయన, "బెంగుళూరులో కొనింటారు," అంటున్నాడు. మామూలుగా అయితే తల వంచుకుని తినేదాన్ని.

"కాదండీ," అన్నాను. "నేను చేసినాను."