మావయ్య కారు బుష్షులు

పలాస షెడ్డులో మెకానిక్ నా కారు చక్రాల వెనక నుంచి, కుదుపులు తట్టుకునే అరిగిపోయిన రబ్బరు బుష్షులు పీకి బల్ల మీద పడేశాడు. నల్లగా, జిగటగా ఉన్నాయి. ఆ కంపుకి ముక్కు మూసుకున్నాను.

ఇది మావయ్య మోజుపడి కొని, తర్వాత నాకిచ్చిన పాత స్పోర్ట్స్ కారు. నా ఎనిమిదో ఏట ఈ మెకానిక్కే దీనికి కొత్త బుష్షులు వేశాడు. అయినా గతుకుల్లో కిర్రుమనేది. అమ్మమ్మ మోకాళ్లలాగే దీనికీ నొప్పేమో అనుకున్నాను. చెదలు పట్టకుండా గుమ్మాలకు పూసే జీడి తొక్కల నూనె తెచ్చి, చక్రాల సందుల్లో చేతులు దూర్చి మర్దనా చేశాను.

వారం తిరిగేసరికి ఆ నూనె ఘాటుకి బుష్షులు ఉబ్బి పగిలాయి. నా అరచేతులు బొబ్బలెక్కి తోలు ఊడింది. మావయ్య నా చేతులు చూశాడు, మూత లేని నూనె డబ్బా చూశాడు. నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకెళ్లి నలుగురి ముందు మెకానిక్ మీద అరిచాడు.

"సెత్త బుష్షులేసి నా కారు పాడు సేత్తావేట్రా? సిగ్గునేదా?"

మెకానిక్ తల వంచుకుని కొత్తవి ఊరికే వేసిచ్చాడు. నేను చేతులు గౌను వెనక దాచుకున్నాను. వచ్చేటప్పుడు మావయ్య ఐస్‌క్రీం కొని, తన చేత్తోనే తినిపించాడు. నేను తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ వాంతి వస్తుంది.

జుట్టు నెరిసిన ఆ మెకానిక్ ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"అప్పుడు నానే సెత్త సరుకేసేసినానమ్మా. మీ మావ తిట్టినాక మళ్లీ అలాటియి ముట్టుకోనేదు. ఇయ్యి మంచియే ఏత్తాను."

నేను అరచేతులు చున్నీలో దాచుకున్నాను.